నేను తియ్యని తలుపు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదండీ. సెక్యూరిటీ గార్డుగా పనిచేసేదాన్ని, నీడని చూసి భయపడితే మాకు కుదరదు. పైగా ఇది జరిగింది పట్టపగలు.

ఏలూరులోని మా ఏజెన్సీ నన్ను కలిదిండి వైపు ఒక రొయ్యల ప్లాంటులో డ్యూటీకి వేసింది. లోపల రొయ్యలు ఒలిచేవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. పని మధ్యలో బయటికి పోతున్నారని, వెనక తలుపుకి తాళం వెయ్యమన్నారు మా సూపర్‌వైజరు.

"ప్రమాదం వస్తే బయటపడే తలుపండీ అది. తాళం వెయ్యకూడదని ట్రైనింగులో మీరే చెప్పారు," అన్నాను.

ఆయన బయటివైపు తనే తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఏలూరు వెళ్లిపోయారు. ప్లాంటు మేనేజరుకి చెప్పాను. ఆయనా పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నమే ఫ్రీజర్లకి వెళ్లే అమ్మోనియా పైపు లీకైంది. మెయిన్ గేటు దగ్గరున్న నాకే కళ్లు మండిపోయాయి. సరుకు కోసం వచ్చిన లారీ డ్రైవరు దగ్గర ఇనప రాడ్డు తీసుకుని, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వెనక్కి పరిగెత్తాను. అతనూ నాతోనే వచ్చాడు.

తలుపు బార్లా తీసి ఉంది. ఆడవాళ్లందరూ చెరువు గట్టు మీద కూర్చుని దగ్గుతున్నారు. తాళం గడియకి వేలాడుతోంది. పగలగొట్టిన గుర్తు లేదు.

"ఎవరు తీశారమ్మా?" అన్నాను.

"అదేంటండీ, మీరేగా తీశారు!" అందొకావిడ. ఆవిడ పేరు మంగ అని తర్వాత తెలిసింది. మిగతావాళ్లూ అదే మాట అన్నారు. ఇదే యూనిఫాం, ఇదే మనిషి అన్నారు. ఆ ప్లాంటులో ఆడగార్డుని నేనొక్కదాన్నే. లారీ డ్రైవరు నా మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

మర్నాడు ఏజెన్సీ ఆఫీసుకి పిలిచారు. తాళంచెవి నా దగ్గరే ఉందనీ, తలుపు నేనే తీశాననీ సంతకం పెట్టమన్నారు. పెడితే ప్రమోషనన్నారు. తాళం వేసింది సూపర్‌వైజరు గారు, తీసిందెవరో నాకు తెలియదు అన్నాను. విచారణకి వచ్చిన అధికారులకీ అదే చెప్పాను. నా ఉద్యోగం పోయింది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక స్కూలు గేటు దగ్గర చేస్తున్నాను. ఆమధ్య బస్టాండులో మంగ కనబడి చేతులు పట్టుకుంది. తీసింది నేను కాదని మళ్లీ చెప్పాను. నమ్మలేదు.

"ఆ పొగలో కళ్లు కనబడక తడుముకుంటుంటే, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచారు కదండీ," అంది.

అప్పటికి నేనక్కడ చేరి వారం కూడా కాలేదు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. పిలిచిందెవరో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదండీ.