రే గారి మంచు నేల

చేపల మార్కెట్లో ఐసు దిమ్మను ఇనుప కొక్కెంతో సిమెంటు నేల మీద లాగుతుంటే ఒక చప్పుడు వస్తుంది. గీరుడుకీ నిట్టూర్పుకీ మధ్య ఉంటుందది. దాని వెనకాలే తడిసిన ఊక వాసన. మొన్న ఉదయం ఏలూరులో కొరమీను బేరమాడుతూ ఆ చప్పుడు విన్నాను. బేరం ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాను. కొక్కెం దిమ్మకు తగిలిందో నాకు తగిలిందో గాని, యాభైల నాటి ఒక మే నెల మధ్యాహ్నంలోకి మెల్లగా జారుకుంటూ వెళ్ళిపోయాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాన్నగారికి తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు ఉండేది. నేను తూకం వేస్తే కొనేవాళ్ళందరూ సంతోషించేవారు, నాన్నగారు తప్ప. అందుకని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదివానన్న వంకతో, నన్ను ఏలూరులో కోటయ్య గారి ఐసు ఫ్యాక్టరీలో పెట్టించారు. కొల్లేటి చేప చెడకుండా కలకత్తా చేరాలంటే ఐసు కావాలి. ఐసుకు కొత్త అమెరికా మిషను కావాలి. ఆ మిషను బిగించడానికి వచ్చిన అమెరికా మనిషి మాటలు ఫిట్టర్లకు తెలుగులో చెప్పడానికి నేను కావాలి. నేను ఎవరికైనా కావలసిరావడం అదే మొదలు.

ఆయన పేరు రే. మావైపు ఆ మాటతో దొంగల్ని పిలుస్తాం గాని దొరల్ని పిలవం. ఫిట్టర్లు 'రే గారండీ' అని గారునూ అండీనూ రెండూ తగిలించి దోషం కడిగేసుకునేవారు. ఆయనకు ఆ మర్యాద ఎంత నచ్చిందంటే, కంప్రెసరు మొరాయిస్తే దాని ముందు నిలబడి 'ప్లీజ్ అండీ' అనేవారు. నాకన్నా ఒక్క ఏడాది పెద్ద. కుడి కాలు కొంచెం ఆలోచించి వేసేవారు.

అసలు ఆయన వృత్తి ఐసు చెయ్యడం కాదు, ఐసు మీద ఆడటం. చలికాలమంతా ఐస్ హాకీ ఆడి జీతం పుచ్చుకుంటారు, ఎండాకాలంలో ఐసు మిషన్ల పని చేసుకుంటారు. నేనీ సంగతి చెబితే కోటయ్య గారు నా అనువాదాన్ని అనుమానించారు.

"ఆటాడితే జీతమేంటి? సరిగ్గా అడిగేవా అబ్బాయ్?"

"అడిగేనండీ. జీతమేనటండీ."

"ఓడిపోతేనో?"

మళ్ళీ అడిగి వచ్చాను. "ఓడిపోయినా ఇస్తారటండీ."

కోటయ్య గారు కాసేపు మీసం సవరించుకుని, "మంచి దేశమేనయ్యా," అన్నారు.

ఆదివారాలు రే గారిని మా ఊరికి తీసుకెళ్ళేవాణ్ణి. యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఊరి బయట పగుళ్ళలో గడ్డి మొలిపించుకుని ఎండలో పడుకుని ఉండేది. దాని మీద ఆయన వంపు కర్రతో నల్లటి రబ్బరు బిళ్ళను కొట్టేవారు. రెండు ఇటుకల మధ్య తాటిమట్ట పట్టుకుని నేను గోల్‌కీపర్ని. బిళ్ళ నన్ను దాటిపోయాక దాని చప్పుడు వినిపించేది.

"నువ్వు కళ్ళు మూసుకుంటున్నావు," అన్నారొకసారి.

"తెరిస్తే కనిపిస్తుంది కదండీ," అన్నాను.

నవ్వుతూ వచ్చి నా పక్కన ఇటుక మీద కూర్చున్నారు. ఎదురుగా ఎండమావి. రన్‌వే చివర నీళ్ళున్నట్టే ఉంది. "మా ఊరి చెరువు చలికాలంలో ఇలాగే మెరుస్తుంది. గడ్డ కట్టిపోతుంది. నేను నడవడమూ జారడమూ ఒకే ఏడాది నేర్చుకున్నాను," అన్నారు. పెద్ద టీములోకి వెళ్ళిన మొదటి చలికాలమే ఎవరో గుద్దుకుని మోకాలు మెలిపడిందట. డాక్టరు కోసి, కుట్టి, ఏడాదిపాటు స్కేట్లు, అంటే ఐసు మీద జారే ఇనుప అంచు బూట్లు, తొడగవద్దన్నాడట. సెప్టెంబరులో టీము వాళ్ళు మళ్ళీ ఆడించి చూస్తారు. మోకాలు నిలిస్తే ఆటగాడు, నిలవకపోతే ఇక ఎప్పటికీ మిషన్ల మేస్త్రీ.

"ఏడాది కాలేదాండీ?"

"అయిపోయింది."

"మరి స్కేట్లు?"

"ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఇక్కడ ఐసు లేదు కదా," అన్నారు, ఐసు ఫ్యాక్టరీ కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషి. అప్పుడు నాకు తట్టింది. ఐసు లేకపోవడం ఆయనకు దిగులు కాదు, ధైర్యం. ఐసు లేనంతకాలం ఆయన ఇంకా ఆటగాడే.

చేపలు ఎక్కడినుంచి వస్తాయో చూస్తానంటే ఒక రోజు పొద్దున్నే కొల్లేటికి తీసుకెళ్ళాను. గంగరాజు అనే చేపలాయన తన తాటిదోనె ఎక్కించుకున్నాడు. నేను అడుగున చతికిలబడి రెండంచులూ పట్టుకున్నాను. ఒడ్డుకొచ్చాక కూడా వాటిని వదలడానికి కొంత సమయం పట్టింది. రే గారు మాత్రం గంగరాజులాగా నిలబడి గెడ వేస్తానన్నారు. నిలబడ్డంతసేపు పట్టలేదు, నీళ్ళలో ఉన్నారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ పడ్డారు.

"మోకాళ్ళు బిగబట్టకండి దొరగారూ," అన్నాడు గంగరాజు. "బయపడ్డారని నీళ్ళకి తెలిసిపోద్దండీ."

అనువదించాను. రే గారి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మా నాన్న ఐసు గురించి ఈ మాటే అనేవాడు," అన్నారు.

ఈసారి మోకాళ్ళు వదులు చేసి నిలబడ్డారు. దోనె కదిలింది. తామరాకుల మధ్య సన్నటి దారి తెరుచుకుని మా వెనక మూసుకుంటోంది. నీళ్ళ మీద లేస్తున్న తెల్లటి ఆవిరిలో నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. గూడబాతులు కలలోంచి లేచినట్టు బద్ధకంగా లేచాయి. ఆ తెల్లదనంలో రే గారు నిలబడే గెడ వేశారు, ఇంక పడలేదు. ఒడ్డు దగ్గరపడుతుండగా, "కోల్డ్ రూము ట్రయల్ ఈ వారమే పెడదాం," అన్నారు. ఆ తారీకు వెయ్యవలసింది ఆయనే. అంతదాకా వెయ్యలేదు.

ట్రయల్ అంటే, దిమ్మలు దాచే గదిని ఖాళీగా ఉంచి చల్లబరిచి చూడటం. గది చల్లబడ్డాక రే గారు నేల మీద పల్చగా నీళ్ళు పోయించడం మొదలుపెట్టారు. అవి గట్టిపడితే మరికొన్ని. కోటయ్య గారు గుమ్మంలోంచి తొంగిచూశారు.

"ఏవండీ, అలా పోస్తే నేల జారదాండీ?"

"జారాలండీ," అన్నారు రే గారు, స్వయంగా, తెలుగులో.

మధ్యాహ్నం భోజనాల వేళ. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల మేమిద్దరమే. చుట్ట లేకుండా నా నోట్లోంచి పొగ రావడం అదే మొదటిసారి చూశాను. ఆయన స్కేట్లు కట్టుకుని గోడ వదిలారు.

ఆ చప్పుడే, గీరుడుకీ నిట్టూర్పుకీ మధ్యది. ఒక్క నెట్టుకు ఈ గోడ నుంచి ఆ గోడకు వచ్చేశారు. ఎడమకు ఒరిగి గుండ్రంగా తిరుగుతుంటే ఆ గదికి గోడలున్నట్టే లేవు. మనిషికి బరువుంటుందని అంతదాకా నమ్మినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. తర్వాత కుడికి ఒరిగారు. కాలు ఒప్పుకోలేదు, పడ్డారు. లేచి మళ్ళీ కుడికే వెళ్ళారు. మళ్ళీ పడ్డారు. ఎంత ఒద్దికగా పడ్డారంటే, అది కూడా ఆటలో భాగమేమో అనుకున్నాను. చివరికి గోడకు ఆనుకుని ఐసు మీదే కూర్చున్నారు.

"చూశావా?"

"చూశానండీ. కొల్లేట్లో గూడబాతు దిగినట్టుందండీ."

"ఒక పక్కకే తిరిగేవాణ్ణి ఎవరూ తీసుకోరు," అన్నారు. "ఇంక సెప్టెంబరు దాకా ఎదురుచూడక్కర్లేదు."

ఆయన తాళ్ళు విప్పి స్కేట్లు నా వైపు నెట్టారు.

"ఇప్పుడు నువ్వు."

"పడిపోతానండీ."

"ముందు నేర్పేది అదే."

గోనెగుడ్డలు కుక్కితే గాని అవి నా కాళ్ళకు సరిపోలేదు. చేతులు చాపకు, గడ్డం లోపలికి పెట్టు, మోకాళ్ళు వదులు చేసి పక్కకు ఒరుగు. లేవడం మాత్రం ఒక్క మోకాలితో మొదలుపెట్టు. ఇదీ పాఠం. మన భాషలో భయపడాలన్నా సిగ్గుపడాలన్నా పడాల్సిందే, ఆఖరికి నిలబడాలన్నా కూడా. ఆ మధ్యాహ్నం నేను అన్నీ పడ్డాను. ఆయన మామూలు బూట్లతో వెనక్కి నడుస్తూ, నా రెండు చేతులూ పట్టుకుని గదంతా తిప్పారు. నేను కూలినప్పుడల్లా పగలబడి నవ్వారు. అది బలవంతపు నవ్వేమోనని ఆయన ముఖం చూశాను. కాదు.

రెండు రోజుల్లో చేప వచ్చేసింది. నేల మీద ఐసుంటే దిమ్మలు నిలవవని గడ్డపలుగులతో కొట్టించేశారు. మొదటి పలుగు రే గారే అడిగి తీసుకున్నారు. ముక్కలు పారబోస్తారేమోనని నేను బాధపడుతుంటే కోటయ్య గారు తెల్లబోయారు. "పారబొయ్యడమేంటయ్యా? ఐసు ఐసే కదా!" అలా ఆ నేలంతా గంపల్లో కొల్లేటి చేపల మధ్య సర్దుకుంది. సాయంత్రం స్టేషనుకు మేమిద్దరమూ వెళ్ళాం. కలకత్తా బండి ఎక్కించబోతున్న ఒక గంప మీద రే గారు చెయ్యి వేసి, "గుడ్ లక్ అండీ," అన్నారు. గంప కిందనుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

వానలు మొదలవక ముందే ఆయన వెళ్ళిపోయారు. తర్వాత ఏమయ్యారో తెలియదు. నేను మాత్రం చాలాచోట్ల పడ్డాను, వ్యాపారంలో, మాటల్లో, ఒకసారి నిజంగానే నూతి గట్టు దగ్గర. గడ్డం లోపలికే పెట్టాను. కాని ఆయన నాకిచ్చింది అదొక్కటే కాదు. తెలుసుకోవడానికి భయం వేసిన విషయం ఏదైనా ఎదురైతే, డాక్టరు దగ్గరకు వెళ్ళడమైనా సరే, తారీకు నేనే వేసుకుంటాను. అప్పుడల్లా ఒక తెల్లటి గదిలో ఒకాయన, ఒప్పుకోని కాలితో, మళ్ళీ కుడివైపుకే వెళ్ళడం కనిపిస్తుంది.

"తాతగారండీ, పక్కకి రండి. ఐసు నీళ్ళండీ, జారిపోతారు," అంది చేపలావిడ.

చూసుకుంటే, నా మోకాళ్ళు వాటంతటవే వదులై ఉన్నాయి.

"పర్లేదమ్మా, నేను నేర్చుకున్నాను."

"ఏం నేర్చుకున్నారండీ, జారడమా?"

"ఆఁ. మన ఏలూర్లోనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వి, నా కొరమీను మీద ఇంకో గుప్పెడు ఐసు వేసింది.