తాతయ్య మైలుకి ఎన్ని అంగలు

మా తాతయ్యను వీధిలో అందరూ మైలు తాత అనేవారు. రోడ్ల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు కొలత గొలుసు పట్టుకుని నడిచిన మనిషి. గొలుసు చేతిలో లేకపోయినా ఆయన అంగ తప్పేది కాదు. అంగకి ముప్పై అంగుళాలు, మైలుకి రెండు వేల నూట పన్నెండు అంగలు. ముందుగది తలుపు వెనక ఆ అంకె పెన్సిల్‌తో రాసి ఉండేది. లోకమంతా కిలోమీటర్లలోకి మారినా ఆయన మాత్రం ససేమిరా అన్నాడు.

మైలు సంగతి ఎత్తితే మా ఇంట్లో తలో మాట. అమ్మమ్మ లెక్కలో మైలంటే, రెండు కూరగాయల సంచులు మోసుకొస్తుంటే చేతులు లాగేసి కింద పెట్టాల్సి వచ్చే చోటు. దారి అడిగినప్పుడు ఎవరైనా “ఇక్కడే, మైలు కూడా ఉండదు” అంటే కనీసం మూడు మైళ్లుంటుందని నాన్న నమ్మకం. ఓడలో పనిచేసి వచ్చిన చిన్నతాతయ్య, సముద్రం మీద మైలు మీ మైలు కంటే ఎనిమిది వందల అడుగులు పెద్దదని చెప్పి తాతయ్యను ఉడికించేవాడు. నీళ్ల మీద మైలురాయి ఎవడు పాతాడని తాతయ్య ఎదురడిగేవాడు. ఈ గొడవలో ఎన్నేళ్లయినా ఎవరూ నెగ్గలేదు.

మా బడిలో ఏటా మైలు పందెం జరిగేది. మైదానం చిన్నది. అందుకని గేటు దగ్గర బయల్దేరి, రోడ్డు వెంట అర మైలు పరుగెత్తి, సున్నంతో గీసిన గీత తొక్కి వెనక్కి రావాలి. ఆ గీత గీసే హక్కు తాతయ్యది. ఆటల మాస్టారికి టేపు మీద కంటే ఆయన కాలి మీద గురి ఎక్కువ. పందెం రికార్డు ఆరు నిమిషాల యాభై సెకన్లు. అది ఎవరిదో కాదు, మా అమ్మది. వరండాలో బోర్డు మీద పాతికేళ్లుగా ఆవిడ పేరే ఉంది. నేను పొద్దున్నే లేవకపోయినా, లెక్కల్లో తప్పినా ఆ ఆరూ యాభై తిరిగి తిరిగి నా నెత్తి మీదకే వచ్చేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తాతయ్యకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు వీధి మలుపు దాటలేదు. ఆ ఏడు పందెం నాటికి బడి గేటును వెనక రోడ్డు వైపుకి మార్చారు, పాత గుర్తులేవీ పనికిరావు. తాతయ్య పట్టుబట్టి వెళ్లి, అంగలు లెక్కపెట్టి, కొత్త రోడ్డు మీద గీత గీసి వచ్చాడు. నేను ఆరు నిమిషాల ముప్పై రెండు సెకన్లలో పరుగు ముగించాను. మర్నాటికల్లా బోర్డు మీద అమ్మ పేరు చెరిపి నా పేరు రాశారు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది గానీ నవ్వు సగమే వచ్చింది. నేను మాత్రం వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ వారం చివర్లోనే డాక్టరు తాతయ్యను రోజూ ఓ మైలు నడవమన్నాడు. కాస్త తిరగమని ఆయన ఉద్దేశం. తాతయ్యకు మైలంటే మైలే. ఊరి బయట పాత రోడ్డు మీద ఇంకా రెండు మైలురాళ్లు మిగిలున్నాయి. మొదటి రాయి నుంచి రెండు వేల నూట పన్నెండు అంగలు వేసి తలెత్తి చూస్తే రెండో రాయి ఇంకా ఎక్కడో ఉంది. రాయిని ఎవరో జరిపారనుకున్నాడట. తిరిగొస్తూ మా వీధి టైలరు దగ్గర ఆగి, ఎవరు జరిపారో విన్నావా అని అడిగాడట. టైలరు ఆయన్ను ఒక అంగ వేయమని, మెడలోని టేపు తీసి కొలిచాడు. ఇరవై ఎనిమిది అంగుళాలు. మూడుసార్లు కొలిచినా అంతే.

ఆ సాయంత్రం తాతయ్య నా పక్కన కూర్చుని, నేను పరుగెత్తింది మైలు కాదని, మూడు వందల యాభై రెండు అడుగులు తక్కువని చెప్పాడు.

“ఎవరికీ తెలీదు కదా తాతయ్యా.”

“నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలిసిపోయింది.”

నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనా బతిమాలలేదు. మూడో రోజు ఒక్కడే బడికి వెళ్లి మాస్టారికి చెప్పాడు. బోర్డు రంగు కూడా ఆరిపోయింది, ఊరుకుందామని మాస్టారు అంటే వినలేదు, సరిగ్గా కొలిచి నన్ను మళ్లీ పరుగెత్తించమన్నాడు. ముప్పై నాలుగేళ్లు ఎవరూ వేలెత్తి చూపని మనిషి, తన కాలు తప్పిందని తానే చెప్పుకున్నాడు. ఆ మాట విన్నాక నా కోపం సగం చచ్చింది. మిగిలిన సగం ఆ పరుగుకి దాచుకున్నాను.

ఆదివారం బడి పెద్ద టేపుతో రోడ్డు కొలిచారు. టైలరు తన టేపు కూడా ఇస్తానన్నాడు, అర మైలుకి అయిదు వందల ఇరవై ఎనిమిది సార్లు వేస్తే చాలట. నేను పళ్లు బిగించి పరుగెత్తాను. మాస్టారు గడియారం చూసి ఆరూ యాభై మూడు అన్నాడు. మూడే మూడు సెకన్లు. అమ్మ మొదట నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత చూస్తే పైట చాటున నవ్వుతోంది. బోర్డు మీద ఆవిడ పేరు మళ్లీ ఎక్కింది.

ఇంటికి రాగానే తాతయ్య నా చేతికి పెన్సిల్ ఇచ్చి తలుపు వెనక్కి తీసుకెళ్లాడు. పాత అంకె కింద రెండు వేల రెండు వందల అరవై మూడు అని రాయించాడు. పక్కనే నా ఆరూ యాభై మూడు కూడా వేయమన్నాడు. ఓడిపోయిన లెక్క నాకెందుకంటే, సరైన మైలు మీద వచ్చింది కదా అన్నాడు.

మరుసటి ఏడు ఆ పక్కన ఆరూ నలభై ఏడు పడింది. అమ్మ రెండు రోజులు మొహం ముడుచుకుని మూడో రోజు వీధంతా చెప్పుకొచ్చింది. అలా ఏటా రాస్తూ పోయాం. నా అంకెలు తగ్గుతూ వచ్చాయి, ఆయనవి పెరుగుతూ వచ్చాయి. చివరిసారి టైలరు కొలిస్తే అంగ ఇరవై అంగుళాలే ఉంది. మూడు వేల నూట అరవై ఎనిమిది అని రాస్తుంటే నా చేయి ఆగిపోయింది. తాతయ్య వెనకనుంచి చూసి నన్ను తొందరపెట్టాడు.

“రాయవే. అదే మైలులో ఇప్పుడు వెయ్యి అంగలు ఎక్కువ నడుస్తున్నా. పెద్ద మైలు ఇప్పుడు నాదేనని చిన్నతాతయ్యకి కూడా చెప్పు.”