బంగళాలో ఫ్రెంచి ప్రార్థన

1939 జూన్ 11, ఆదివారం. నాగర్‌కర్నూలు ముసాఫిర్ బంగళా. ఉన్నవారు: జ్వరంతో మంచాన పడిన ఫ్రెంచి దొర, దవాఖాన కంపౌండరు, బంగళాలో వంట చేసే ఖాన్‌సామా, నేను.

దొర నల్లమలలో మొక్కలు సేకరించడానికి వచ్చినవాడు. మన్ననూరు దగ్గర మలేరియా పట్టుకుంటే బండి మీద ఇక్కడికి తెచ్చారు. క్వినైను పని చేయడం లేదనీ, చూపు కూడా మసకబారిందనీ కంపౌండరు నాతో చెప్పాడు. తన ప్రార్థన పుస్తకం ఎవరైనా చదివి వినిపించాలని దొర వచ్చీరాని హిందుస్తానీలో పొద్దుటి నుంచి అడుగుతున్నాడట. ఊళ్లో ఫ్రెంచి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ పట్నం కాలేజీలో రెండేళ్లు. మా మాస్టారు అనువాదం నేర్పాడు, పరీక్షకు తయారు చేశాడు. ఆ భాష ఎవరైనా మాట్లాడగా ఆయనా వినలేదు.

మొదటి వాక్యం చదవగానే దొర ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. గద్వాలలో మా తాత దగ్గర పద్యాలు వల్లించిన గొంతు నాది. ప్రార్థన అంటే రాగం దానంతటదే వస్తుంది. గురువు కనిపిస్తే సాగదీస్తాను, లఘువు మీద నుంచి గబగబా దాటిపోతాను. ఫ్రెంచిలో పలకని అక్షరాలున్నా, రాసి ఉన్న ప్రతిదాన్నీ పలుకుతాను.

ఆయన ఓపిగ్గా ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. 'మ్యాం-త-నాం'. ఇప్పుడు అని అర్థం. ముక్కలన్నీ సమానంగా నడవాలి, చివరి ముక్క మీద మాత్రం కాస్త బరువు పడాలి. వింటే తేలికే. నేననగానే బరువు మొదటికి వచ్చేది, వెనకే రాగం.

"జర రాగం తియ్యకుండ సదువుండ్రి సారూ. మా మౌల్వీ సాబ్ గూడ గింత సాగదియ్యడు" అన్నాడు ఖాన్‌సామా.

"ఏం జెయ్యాలె, నోరు తిరుగుతలేదు" అన్నాను.

దొరకు మాట అర్థం కాకపోయినా నవ్వాడు. నవ్వు దగ్గులో పడింది. పుస్తకం నా చేతిలోనే ఉంచి, రేపు మళ్లీ రమ్మని సైగ చేశాడు.

ఇంటికి వచ్చి సాయంత్రందాకా ఆ పేజీనే గొణుక్కున్నాను. అది ఏం మంత్రమని, ఎవరి మీదికని అమ్మ రెండుసార్లు అడిగింది.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి దొర కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎవరి మీదా లేదు. పిలిస్తే పలకలేదు. కంపౌండరు నాడి పట్టుకొని కూర్చున్నాడు.

"సదువుండ్రి. ఇంటుండో ఏమో" అన్నాడు.

ముక్క తర్వాత ముక్క, చివరి దాని మీద బరువు పెట్టి, పేజీ మొత్తం చదివాను. తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు.

"ఇయ్యాల సక్కగ వచ్చిందా సారూ?" ఖాన్‌సామా మెల్లగా అడిగాడు.

"తెల్వదు" అన్నాను.

కంపౌండరు ఇంకా చెయ్యి వదల్లేదు. నేను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.