ముహూర్తానికి లేవని కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మాకు సగం యంత్రం, సగం దేవుడు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని దాని ముందు కూర్చునేవాళ్ళం. ఎనుమాముల మార్కెట్‌లో మిరపకాయల కమీషన్ దుకాణం నడిపే సేటు ఎనభైల చివర్లో ఒకటి కొని, హనుమకొండలో చిన్న కోర్సు చేసిన నన్ను బిల్లులు కొట్టడానికి పెట్టుకున్నాడు. (మిర్చి ఘాటుకు నేను తుమ్మేదాన్ని, అది గుర్రుమనేది. జోడీ బాగానే కుదిరింది.) నాకేమో హైదరాబాద్ వెళ్ళి పెద్ద కోర్సు చదవాలని ఒకటే ఆశ. నర్సంపేట దగ్గర మిర్చి పండించే మా బాపు మాత్రం, "నీ పనేందో నా కండ్లతోని సూసినంక చెప్త" అన్నాడు.

ఆ చూసే రోజు రానే వచ్చింది. సేటు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తెప్పించాడు. ముందురోజే ఎక్కించి, నడిపి చూసి, పలకల్లాంటి ఫ్లాపీలన్నీ డబ్బాలో సర్దాను. అయినా ముహూర్తం లేకుండా సేటు ఏదీ మొదలుపెట్టడు కదా. పొద్దున్నే సేటు వాళ్ళమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, మిషన్‌కు బొట్లు పెట్టి ముందుభాగమంతా కప్పేసేలా బంతిపూల దండ వేసింది. మిర్చి బస్తాలతో వచ్చిన బాపు నా వెనకే నిలబడ్డాడు. కొబ్బరికాయ కొట్టగానే స్విచ్ వేశాను. ఇది సిస్టమ్ డిస్క్ కాదు, మార్చమని తెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది.

"ఏమంటాంది బిడ్డా?"

"డిస్క్ మార్చమంటాంది బాపూ."

"మరి మార్చరాదు."

ఏం మార్చను? ఫ్లాపీలన్నీ ముందురోజే డబ్బాలో సర్దాను కాబట్టి, లోపలున్న హార్డ్ డిస్కే పాడైందనుకున్నాను. పూజ చేసిన దండ తగలకుండా వెనక వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. ఆపాను, వేశాను, మళ్ళీ ఆపాను. "వేడెక్కినట్టున్నది, జర సల్లారనియ్యుండ్రి" అని ఒక హమాలీ తువ్వాలుతో విసిరాడు కూడా. చెమటలు కక్కుతున్న నన్ను కాసేపు చూసి, "బస్సు టైమయితాంది" అంటూ బాపు వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చింది అవ్వ, ప్రసాదం పళ్ళెంతో. "ఇంకా లేస్తలేదా? తిన్నది సాలు తియ్" అంటూ దండ ఎత్తి, ఫ్లాపీ పెట్టే నోటి గడి తిప్పి, నల్లటి ఫ్లాపీ ఒకటి బయటికి లాగింది. "ఉత్త నోటితోని పని మొదలువెట్టద్దని పొద్దుగాల్నే నీ డబ్బాల నుంచి ఒక పలక వెట్టిన. నువ్వు వెట్టంగ రోజు సూస్తలేనా?" అంది. నోట్లో ఫ్లాపీ ఉంటే ఆ మిషన్ ముందు దాన్నే చదువుతుంది. అవ్వ పెట్టింది ఖాళీది, అందులో సిస్టమే లేదు. ఈసారి స్విచ్ వేయగానే బుద్ధిగా లేచింది.

పరుగెత్తుకుంటూ వెళ్ళి బస్సు కిటికీ దగ్గర బాపుకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిదే బిడ్డా. కానీ బాగుచేసింది అవ్వనాయె. గీ మాత్రం దానికి పట్నం దాకా ఎందుకు?" అన్నాడు. బస్సు కదిలింది. హైదరాబాద్ చదువు అక్కడితో ఆగిపోయింది.

ఆ చదువు లేని లోటు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. తప్పు నేనే కనిపెట్టానని బాపుతో ఒక్క చిన్న అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. కానీ అప్పటి ఆ పిల్లకు అంత తెలివే ఉంటే, దండ ఎత్తి చూసేది కాదా!