సర్దార్‌బీ అరుగు మీది పాఠం

మా నాని, అంటే అమ్మమ్మ, సర్దార్‌బీకి ఆరో ఏట మశూచి సోకి రెండు కళ్ళూ పోయాయి. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడింది. అల్లూరులో పరుపులు కుట్టే ఇల్లు మాది. దూదేకులవాళ్ళంటారు. నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో.

నాని తండ్రి దూది ఏకుతూ ఖురాన్ పఠించేవాడట. దూదిని చెదరగొట్టే వింటినారి మోత పక్కన కూర్చుని, చెవులతోనే ఆమె గ్రంథమంతా నేర్చుకుంది. దూదిలో గింజో ముడో తగిలితే నారి మోత మారుతుంది. ఇప్పుడు మా మామ అల్లావుద్దీన్ కొట్లో ఆ పని మిషన్ చేస్తోంది. అయినా మధ్యాహ్నం నాని దగ్గర ఖురాన్ పాఠానికొచ్చే ఆడపిల్లల్లో ఎవరైనా తప్పు పలికితే చెయ్యెత్తుతుంది. "ముడి తగిలిందే. మళ్ళా ఏకు!"

నలభై ఏళ్ళుగా అదే పాఠం. మొన్న వేసవిలో మసీదు కమిటీ కొత్త నిబంధన పెట్టింది. గ్రంథం చూస్తూ, అక్షరం మీద వేలు పెట్టించి నేర్పగలవాళ్ళే పిల్లలకు చెప్పాలట. ఆ నోటీసు పట్టుకుని కార్యదర్శి ఆఫ్తాబ్ మా ఇంటికి వచ్చాడు.

"ఏమనుకోబాక అవ్వా. రేపట్నించి పిల్లకాయల్ని పంపొద్దని అందురికీ చెప్పేసినాం. నువ్వు రెస్టు తీసుకో."

"అలిసిపోయినానని నీకేమన్నా అర్జీ పెట్టుకున్నానా అబ్బయ్యా?"

"అది గాదు. పిల్ల వేలు ఏ అక్షరం మీదుందో నీకెట్ట తెలుస్తాది? దూదేకులోళ్ళకి అరబ్బీ ఏందని ఎగతాళి గూడా చేస్తా ఉండారు."

"చెయ్యనీ. వాళ్ళు పండుకునే పరుపులు మేం కుట్టినయ్యే. నిద్ర పట్టలేదని ఒక్కడూ రాలేదే!"

అని, నన్ను పిలిచింది. "నిషాత్, ఖురాన్ అనే పేరు సంగతి యూనివర్సిటీలో చూసొచ్చినావు గదా. చెప్పు."

తలుపు చాటు నుంచే చెప్పాను. ఖురాన్ అనే పేరు 'ఖరఅ' అన్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చింది. చదవడం, గొంతెత్తి పఠించడం దాని అర్థాలు. ప్రవక్తకు మొట్టమొదట దిగిన మాట 'ఇక్రా', అంటే 'పఠించు', కూడా ఆ ధాతువుదే. సిరియా క్రైస్తవులు ప్రార్థనలో చదివే గ్రంథపాఠాన్ని 'ఖెర్యానా' అనేవారు. ఈ పేరుకు దానితో చుట్టరికం ఉందంటారు కొందరు పండితులు.

"విన్నావా? ఆ మొదటి మాట దిగినప్పుడు ప్రవక్తవారి చేతిలో పుస్తకం ఉన్నిందా?" అంది నాని.

ఆఫ్తాబ్ తక్కువ తినలేదు. "దానికి కితాబ్ అనే పేరు గూడా ఉంది అవ్వా. రాసింది అని."

"ఉంది. నేను కాదన్లేదే. రెండు పేర్లుంటే, కళ్ళున్నోళ్ళు ఒకటి పట్టుకుని రెండోది తుడిచేస్తారా? తెరువు నీ పుస్తకం. ఇష్టమొచ్చిన చోట మొదలుపెట్టు."

అతను తెరిచి ఒక ఆయతు, అంటే ఖురాన్ వాక్యం, సగం చదివాడు. మిగతా సగం నాని అందుకుంది. అక్కణ్ణుంచి ఆగలేదు. అతని వేలు వరసల మీద కొంతదూరం నడిచి నిలిచిపోయింది. ఆమె ముఖం వైపే చూస్తుండిపోయాడు. ఒక ఆయతు ముగించి నాని ఆగింది.

"ఇంతసేపైనా కాగితం చప్పుడు వినపళ్ళా. పేజీ తిప్పినావా నాయనా?"

గబగబా తిప్పాడు. చోటు దొరకలేదు. నాని రెండు ఆయతులు వెనక్కి వెళ్ళి, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా పలికింది. అప్పటికి దొరికింది.

"కమిటీకి చెప్తాలే అవ్వా," అన్నాడు లేస్తూ.

"చెప్పు. నేను ఆపనని గూడా చెప్పు."

అయినా పోతూ పోతూ నోటీసు అరుగు స్తంభానికి అంటించే పోయాడు.

మర్నాడు పదకొండు మందిలో ఆరుగురే వచ్చారు. రోజూ నడవలో కూర్చునే నాని, ఆ రోజు చాప వీధి అరుగు మీద వేయించింది. స్తంభానికి వీపు ఆనించింది. నోటీసు ఆమె ముసుగు వెనక్కి పోయింది. రొయ్యల చెరువులకు పోయే ఆటోలు హారన్లు కొడుతుంటే గొంతు ఇంకాస్త పెంచింది.

ఎదురింటి పిల్లను వాళ్ళ నాన్న పంపలేదు. ఆ పిల్ల గడప లోపలే నిలబడి, ఈ గొంతుల వెంట తనూ అంటోంది. మధ్యలో ఒకచోట తడబడింది.

నాని వీధి వైపు చెయ్యెత్తింది.

"ముడి తగిలిందే. మళ్ళా ఏకు!"