జవాబు వచ్చేదాకా పాలు పోయని మా వదిన

మా వదిన పోయింది. యాకుత్‌పురా స్టేషను పక్క గల్లీల్లో ఆమె చేత పాలు పోయించుకున్న వాళ్ళకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ళ కోసం నాకొచ్చిన నాలుగు ముక్కల్లో రాస్తున్నాను. ఏడుస్తూ రాయవలసిన మాటలే. కానీ పక్క గదిలో నా బిడ్డ తన పిల్లలను కసురుతున్న గొంతు వింటుంటే సంతోషం పట్టలేకపోతున్నాను. ఆ గొంతు మాకు మిగిల్చింది వదినే.

వదిన మా అన్న భార్య. బర్రెలను సాకి, పాలమ్మి ఇల్లు నడిపింది. నెల నడుమ రక్తం కనబడడం మొదలైనప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెబితే ముట్టు అని మూల కూర్చోబెడతారు. ముట్టైన ఆడది పాలకుండ తాకకూడదు. రోజూ కనబడే రక్తానికి రోజూ మూల కూర్చుంటే బర్రెలను పిండేదెవరు? నడుము నొప్పి తట్టుకోలేక చెప్పిననాడు, వయసు మళ్ళేటప్పుడు అంతేనని పెద్దవాళ్ళు ఏదో వేరు అరగదీసి తాగించారు. చివరికి ఆడవాళ్ళ జనానా దవాఖానాకు చేరితే, గర్భసంచి మూతికి రాచపుండని, లోపలంతా పాకిందని, ఇక కోసి లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది.

ఆనాటితో వదినకు సిగ్గు పోయింది. ఓపిక ఉన్నన్నాళ్ళు ఇంటింటికీ తిరుగుతూనే ఉంది. చెంబు వంచి గిన్నె మీద ఆపేది. "మంచిగున్నవా? నెల నడుమ ఏమన్న కనబడుతున్నదా?" జవాబు వచ్చేదాకా పాలు పడేవి కావు. పరదా వెనక నుంచి గిన్నె చాపే వాళ్ళనూ వదల్లేదు, ఉర్దూలో అడిగేది.

"పాలు పోయనీకె వచ్చినవా, పంచాయితి జెయ్యనీకె వచ్చినవా?" అందొకామె.

"పాలు రేపు గూడ దొరుకుతయి తల్లీ. నువ్వు దొరుకుతవా?"

ఒక పొద్దున మా గడపలో నా బిడ్డ గిన్నె పట్టింది.

"ఏమే, మొకం గట్ల పీక్కపోయింది?"

"ముట్టు, పెద్దమ్మా."

"మొన్ననే గదనే తలకు పోసుకున్నవు!"

"మెల్లగనే, బాపు ఉన్నడు."

"ఉంటే ఉండనియ్యి! బర్రె ఈనకుంటే రాత్రంత లాంతరు పట్టుకొని కూసుంటడు మీ బాపు. బిడ్డకు రగతం పోతుంటే చెవులు మూసుకుంటడా?"

నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను.

"పండుగ దాటినంక పోదాం దవాఖానకు, అక్కా" అంది నా భార్య.

"చెల్లె, నేను గూడ గట్లనే అన్న. బర్రె ఈననియ్యి అన్న. పండుగ పోనియ్యి అన్న. దవాఖానల మగ డాక్టరుంటడేమో అన్న. ఇగ నన్ను చూడు. మరిదీ, టాంగా తేపో!"

కూర్చోలేని నొప్పితో కూడా వదిన ఆ టాంగాలో బిడ్డ పక్కనే కూర్చొని వచ్చింది. బిడ్డకూ అదే రోగం. కానీ ఇంకా మూతి దాటలేదు. ఆపరేషను చేసి గర్భసంచి తీసేశారు. తరువాత మళ్ళీ చూసి ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పిననాడు నేను చిన్నపిల్లవాడిలా పరుగెత్తి వదిన మంచం దగ్గర నిలబడ్డాను.

"వదినా, బిడ్డ మంచిగైంది!"

"మస్తు సంబురం మరిదీ. ఈ సంబురం ఇంట్ల దాచుకోకు. రోగం పేరు జెప్పు. ఏడ అయిందో అది గూడ జెప్పు."

చెప్తున్నాను వదినా, పేరు పెట్టే చెప్తున్నాను. తండ్రులారా, భర్తలారా, అడగండి. పండుగ దాకా ఆగకండి. ఇవాళే టాంగా పిలవండి.

ఇప్పుడు మా గడప దగ్గర వదిన బర్రెల పాలు పోసేది నా బిడ్డ. పొద్దున్నే ఎవరో గిన్నె చాపుతారు. చెంబు వంగుతుంది, అంచు దాకా వచ్చి పాలు ఆగుతాయి. నా బిడ్డ ఆమె ముఖంలోకి చూస్తూ అడుగుతుంది, "అక్కా, మంచిగున్నవా?"