కోళ్ళ గంప కింది అడుగు

కుప్పంలో మా ఇంటి హాలుకు పోయిన నెల సీలింగు పని పెట్టించాం. మేస్త్రీ ప్లాస్టిక్ తొట్టిలో తెల్లటి పిండి పోసి, నీళ్ళు వంచి, చేత్తో కలియబెట్టగానే తడిసిన బలపం లాంటి వాసన ఒకటి ఇల్లంతా లేచింది. మా ఆయన ముక్కు మూసుకుని, దుమ్ము దుమ్మని గొణుక్కుంటూ బయటికి పోయాడు గానీ, నేను మాత్రం కుర్చీ లాక్కుని ఆ తొట్టి పక్కనే కూర్చున్నాను. పని సరిగ్గా చేస్తున్నారో లేదో కనిపెట్టడానికి కూర్చున్నాననుకుని మేస్త్రీ నవ్వాడు. లేదప్పా, మా అవ్వ గుర్తొచ్చింది అన్నాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాసనకు అవ్వ గుర్తు రావడమేమిటో అతనికి అంతుపట్టలేదు. మా అవ్వ గురించి మాట్లాడేటప్పుడు నేను కాస్త గొప్పలు పోతాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు వినండి.

మా అమ్మ పుట్టిల్లు చౌడేపల్లె పక్కన ఒక చిన్న పల్లె. తొంభైల్లో మేం మదనపల్లెలో ఉండేవాళ్ళం. పరీక్షలయిన మర్నాడే టమాటా గంపలు, కోడిపిల్లలు, చంటిబిడ్డల ఏడుపులు అన్నీ కలిసి ఉడికిపోతున్న బస్సులో పుంగనూరు మీదుగా అక్కడికి చేరేవాళ్ళం. ఎండాకాలమంతా అక్కడే. పొద్దున రాగి అంబలిలో మజ్జిగ, నంజుకోవడానికి ఎర్రగడ్డ, మధ్యాహ్నం సంగటీ చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ, సాయంత్రం ఉప్పూ కారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు. మా అవ్వ నారాయణమ్మ, ఆమె చెల్లెలు సుబ్బమ్మ, ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, ఇద్దరికీ ఒకటే వాకిలి. సుబ్బమ్మను మేం చిన్నవ్వ అనేవాళ్ళం. అక్కచెల్లెళ్ళు రోజుకు రెండుసార్లు పోట్లాడుకునేవాళ్ళు, మూడుసార్లు కలిసి వక్కాకు వేసుకునేవాళ్ళు. రెండిళ్ళ ఆవులకూ పాలు పిండేది మునెప్ప. మాట తక్కువ మనిషి, వస్తున్నాడంటే ముందు పశువుల వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు.

ఆ వాకిలి సంగతి చెప్పాలి. అవ్వ దాన్ని పేడతో అలికితే పలక మీద చేయి తిప్పినంత నున్నగా ఉండేది. పచ్చి అలుకు మీద అడుగు పెట్టడమంటే ఆ ఊళ్ళో చెంప దెబ్బ తినే నేరం. నడక నేర్చుకుంటున్న పిల్లలు కూడా గోడవారగా, కాలివేళ్ళ మీద పోయేవాళ్ళు. రోజూ వచ్చే మునెప్ప అయితే పశువుల కొట్టం వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

నాకు పదేళ్ళప్పుడు, గంగమ్మ జాతర రోజు, ఆ పాపిష్టి పని జరిగింది. పొద్దుట్నుంచీ ఊరంతా వేపాకు వాసన, పొంగలి బెల్లం వాసన, కోళ్ళ గోల. మధ్యాహ్నం అవ్వ వాకిలంతా మళ్ళీ అలికి, ముగ్గు వేసి, మమ్మల్ని వెంటేసుకుని గుడికి బయల్దేరింది. చిన్నవ్వ మోకాళ్ళ నొప్పితో ఇంట్లోనే ఉండిపోయింది. గంటన్నర తర్వాత పలక డప్పుల మోతల్లోంచి మేం ఇంటికొచ్చేసరికి చిన్నవ్వ గడప దగ్గర నెత్తురులో పడి ఉంది. మెడలో గొలుసు లేదు.

అవ్వ కేకకు ముందుగా పరిగెత్తుకొచ్చినవాడు మునెప్ప. ఇంటి ముందు కూర్చునే తిన్నె కింద ఎవరిదో తువ్వాలు పడి ఉంది. మనిషి తల మీద ఉండే గుడ్డ కాళ్ళ కింద పడకూడదని మా వైపు పట్టింపు. అంత ఏడుపులోనూ అవ్వ నోట అలవాటుగా ‘ఆ తువ్వాలు తియ్యప్పా, తొక్కతారు’ అని వచ్చింది. మునెప్ప దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి తిన్నె మీద ఉంచాడు.

ఆ తర్వాత అవ్వ చేసిన పని చూడండి. ముగ్గు పక్కనే, తడి ఆరీ ఆరని అలుకు మీద ఒక మగమనిషి కుడికాలి అడుగు, ఐదు వేళ్ళతో సహా పడి ఉంది. అవ్వ గబగబా కోళ్ళ గంప తెచ్చి దాని మీద బోర్లించి, పైన రాయి పెట్టింది. అవ్వ వాళ్ళ నాన్న పశువుల మనిషి. మందలోంచి గొడ్డు పోతే మొదట కనబడిన గిట్టజాడ మీద గంప మూసి, అప్పుడు వెతకబోయేవాళ్ళట. ఆ అలవాటు ఆమె చేతుల్లో ఉండిపోయింది. చెల్లెల్ని జీపులో వేసుకుని మదనపల్లె ఆస్పత్రికి పోతూ పోతూ, ఆ గంప జోలికి ఎవరైనా పోతే ఊరుకోనని అందరికీ చెప్పి మరీ పోయింది.

మర్నాడు పోలీసు కుక్క వచ్చింది. నల్లటి వీపు, తేనెరంగు కాళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు. దాన్ని పట్టుకున్న పొడుగాటి పోలీసాయన దానితో గుసగుసగా, మర్యాదగా మాట్లాడుతుంటే ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూశాం. ఇంకో ఇద్దరు గంప ఎత్తి, తెల్లటి పిండి కలిపి ఆ అడుగులో పోశారు. ఈ వాసన నాకు అప్పుడే తగులుకుంది. పొడుగాటాయన తువ్వాలును కుక్కకు చూపించే ముందు దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. చెప్పాల్సిన అవ్వ ఆస్పత్రిలో ఉంది. మునెప్ప జనం వెనక నిలబడి ఉన్నాడు. పోలీసుల ముందు తనంతట తాను నోరు విప్పే మనిషి కాదు. ఊరి పెద్దలు ఎవరూ ముట్టలేదన్నారు. కుక్క తువ్వాలు వాసన చూసి, వాకిలి దాటి, కొట్టం చుట్టూ తిరిగి, జనంలోకి దూరి, మునెప్ప కాళ్ళ దగ్గర కూర్చుంది.

తాను మడిచి పెట్టానని మునెప్ప అప్పుడు చెప్పాడు, ఏడ్చాడు కూడా. ఎవరు వింటారు? పెద్ద చదువు చదివిన కుక్క, దానికి అబద్ధం తెలీదు అన్నారందరూ. మూడో రోజు చిన్నవ్వ స్పృహ రాకుండానే ఆస్పత్రిలో పోయింది. జరిగింది విన్న అవ్వ, తువ్వాలు తియ్యమన్నది తానేనని గుర్తుండి కూడా, వాడి గుడ్డను వాడే నా కళ్ళ ముందు ఎంత నిబ్బరంగా మడిచాడో చూడండని మునెప్పను తిట్టింది. అవ్వ చేసిన తప్పు ఇది. దాచను. మునెప్పను జైల్లో పెట్టారు. ఆయన భార్య మా వీధిలోకి రావడం మానేసింది.

పిల్లలం మాత్రం ఊరుకుంటామా? ఆ దసరా సెలవులకు మళ్ళీ వచ్చినప్పుడు అవ్వ ఊళ్ళో గోళీలు, కుంటాట అన్నీ మూలబడి, పోలీసు కుక్క ఆట ఒకటే నడిచింది. ఒకరి కళ్ళకు గంతలు కట్టాలి, ఒకరి తువ్వాలు వాసన చూపించాలి, వరసగా నిలబడ్డవాళ్ళను మూచూసి తువ్వాలు ఎవరిదో పట్టాలి. ఒకరోజు నేను కుక్కని. తువ్వాలు వాసన చూస్తే ఘాటుగా చింతకాయ పచ్చడి. వరసంతా తిరిగి మా శారద చెయ్యి పట్టుకున్నాను. శారద అంటే మా పెద్దమ్మ కూతురు, ఎప్పుడూ ఏదో ఒకటి నాకుతూ ఉండేది. అందరూ పకపకా నవ్వారు, తువ్వాలు శీనుగాడిదట. నాకు ఒళ్ళు మండిపోయింది. గంతలు పీకేసి, తువ్వాలు వాడిదైతేనేం, మడిచిచ్చింది ఇదే కదా, దీని చేతి వాసనే కదా ఉంటుంది అని అరిచాను.

తిన్నె మీద చింతపండు గింజలు తీస్తున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. నన్ను పిలిచి, ఏమన్నావో మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. మూడోసారి చెప్పేటప్పటికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు అవ్వ స్టేషనుకు పోతే, కేసు కోర్టుకు పంపేశాం, ఏమున్నా అక్కడే చెప్పుకోమన్నారు. ఇంట్లో గొడవ అంతకన్నా పెద్దది. చిన్నవ్వ కొడుకు, మా మామ, నెత్తీనోరూ కొట్టుకున్నాడు. తల్లి పోయిన దుఃఖం ఆయనది, ఆయన్నీ తప్పు పట్టలేను. నువ్వు నోరు తెరిస్తే మా అమ్మను చంపినవాడు చేతులూపుకుంటూ బయటికొస్తాడు, అప్పుడు నీకూ మాకూ మాటల్లేవు అన్నాడు. అవ్వ ఒక్క మాటే అంది.

‘నీకు అమ్మ, నాకు చెల్లెలు. చంపినోడు యాడుండాడో నాకు తెలీదు. మునెప్పను ఆడ కూసోబెట్టింది మాత్రం నేనే.’

మర్నాటి నుంచి మామ మా గడప తొక్కలేదు.

విచారణ మదనపల్లెలో, మళ్ళీ ఎండలు ముదిరాక. అవ్వ మా ఇంట్లోనే దిగింది. అమ్మకు జ్వరంగా ఉండటంతో నాన్న, నేను వెంట వెళ్ళాం. అవ్వ పెట్టెలోంచి తీసిన నేతచీర కట్టింది. అందులోంచి వచ్చే కలరా ఉండల వాసన, కోర్టు వరండాలో టీ వాసన, పాత కాగితాల వాసన కలిసిపోయాయి. బోనులో మునెప్ప సగం మనిషయ్యాడు. అవ్వ ఆయన వైపు చూసి తల దించుకుంది, జడ్జిగారి వైపు తిరిగాక మాత్రం మళ్ళీ దించలేదు.

పోలీసుల తరఫు వకీలు అవ్వను తమ సాక్షి అనుకుని ధీమాగా అడిగాడు. అవ్వ తువ్వాలు సంగతి మొత్తం చెప్పేసింది, తియ్యమన్నది తానేనని, తర్వాత అతన్నే తిట్టానని కూడా. వకీలు ముఖం మాడిపోయింది. అచ్చు పోసిన అడుగు మునెప్పది కాదని హైదరాబాదు ల్యాబు నుంచి అప్పటికే కాగితం వచ్చి ఉంది. వకీలు దాన్ని తేలిగ్గా కొట్టిపారేస్తూ, జాతర రోజు వాకిట్లో వందమంది తిరుగుతారు, అది ఎవరి అడుగైనా కావచ్చు కదమ్మా అన్నాడు. అవ్వకు కోపం వచ్చింది.

‘గుడికి పోతా పోతా నేనే అలికినా సామీ. పచ్చి అలుకు తొక్కేవోడు మా ఊళ్ళో పుట్టలా. మునెప్ప అయితే కొట్టం ఎనక నించి వస్తాడు. వాడెవడో మా వాకిలి సంగతి తెలీనోడు.’

కోర్టులో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. జడ్జిగారు మాత్రం కలం పట్టుకుని అలకడమంటే ఏమిటి, ఎంతసేపటికి ఆరుతుంది, అడుగు చూసినప్పుడు తడి ఎంత ఉంది అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. చివరకు, ఇంత తెలిసినదానివి మొదట్లోనే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు. ఆ ప్రశ్నకు అవ్వ చేతులు జోడించింది. ‘కుక్కను నమ్మి నా కండ్లను నమ్మలేదు సామీ. అది నా తప్పు’ అంది. వేలిముద్ర తప్ప సంతకం రాని అవ్వ, అంతమంది చదువుకున్నవాళ్ళ మధ్య, తన తప్పు తాను చెప్పుకుంది. నా గుండె పొంగిపోయింది.

ఆ పొడుగాటి పోలీసాయన్నూ పిలిచారు. నా కుక్క ఆ గుడ్డ మీదున్న వాసన ఒకదాన్ని పట్టింది, అది మడిచిన చేతిదో విడిచిన చేతిదో చెప్పడం దానికి రాదు, దాని పని మనిషి దాకా దారి చూపడమే అన్నాడు. బయటికొచ్చాక అవ్వకు నమస్కారం పెట్టి, తన కుక్క తప్పు చేయలేదని తేల్చినందుకు సంతోషమన్నాడు. అవ్వ, దాన్ని నేనూ అనలేదు లేప్పా, బాగా సూసుకో అంది.

మునెప్పను వదిలేశారు. ఆయన ఊరికొచ్చిన సాయంత్రం అవ్వ ఒక్కతే ఆయన ఇంటికి నడిచిపోయి, అందరూ చూస్తుండగా వాకిట్లో నిలబడి తప్పయిందంది. మునెప్ప ఆమె కూర్చోవడానికి పీట వేశాడు. మా మామ మాత్రం రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ రెండేళ్ళూ ఆ అసలువాడు దొరకడేమో, మునెప్ప మీద మరక ఉండిపోతుందేమో అని అవ్వ దిగులుపడని రోజు లేదు. తర్వాత కుప్పం దగ్గర ఇలాగే ఒంటరి ముసలమ్మ మీద పడినవాడొకడు పట్టుబడ్డాడు. జాతరల్లో బొమ్మలమ్ముతూ ఊరూరా తిరిగే మనిషి. వాడి కుడికాలు, అచ్చులోని అడుగు ఒకటేనని తేలింది, చిన్నవ్వ గొలుసు కూడా బయటపడింది. మామ వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవ్వ పోయి పద్దెనిమిదేళ్ళయింది. రెండిళ్ళనూ పడగొట్టి ఒకటే మిద్దె కట్టారు, వాకిలంతా సిమెంటు. మా ఊళ్ళో ఇప్పుడు అలికే ఇల్లు ఒక్కటీ లేదు. పచ్చి అలుకు కనిపిస్తే గోడవారగా పోవాలని మా పిల్లలకు తెలీదు. ఆ ఆటా లేదు, దాన్ని ఆడిన మాలో సగంమంది బెంగుళూరులో ఉన్నారు. మునెప్ప మాత్రం ఉన్నాడు. కళ్ళు సరిగ్గా ఆనవు. సీలింగు పని అయిన వారానికి నేనే వెళ్ళాను. చాలా ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను, మా అవ్వ మీద నీకు కోపం పోయిందా అని. మర్యాదకు అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను.

‘యాల పోతాదిమ్మా, ఉండాది. ఆయమ్మ ఆ పొద్దు కోర్టులో నోరు తెరవకుంటే, ఆ కోపం పెట్టుకునేదానికైనా నేను ఉండనే కదా.’